ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ కనబడట్లేదా? విప్పి చూడాలా, షాపుకివ్వాలా, కొత్తది వేయించాలా

"ఒరేయ్, ఆన్ చేస్తే నల్ల తెర మీద హార్డ్ డిస్క్ లేదని వస్తోందిరా. లేకపోవడమేంటి, నిన్నటిదాకా లోపలే కదా ఉంది!"

మా బాబాయి ఫోన్ అది. తెనాలిలో ఎరువుల కొట్టు ఆయనది. ఆ ల్యాప్‌టాప్‌లో ఆరేళ్ల టాలీ లెక్కలున్నాయి, 20వ తేదీకి జీఎస్టీ రిటర్న్ వేయాలి. నాకు ఫోన్ చేసేలోపే ఇద్దరికి చూపించాడు. ఒకాయన "బోర్డు పోయింది, ఎనిమిది వేలవుతుంది" అన్నాడట. ఇంకో ఆయన "హార్డ్ డిస్క్ పోయింది, ఎస్ఎస్‌డీ వేస్తాను, పాత డేటా మీద ఆశ వదిలేసుకోండి" అన్నాడట. (ఎస్ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో చేసిన డ్రైవ్.) ఇద్దరూ మూత విప్పకుండానే చెప్పేశారు.

ఏమైందో తర్వాత చెప్తాను. ఇలాంటప్పుడు మన ముందు చాలా దారులుంటాయి: సెట్టింగులు సరిచేసుకోవడం, విప్పి మళ్లీ బిగించడం, డ్రైవ్ బయటికి తీసి వేరే కంప్యూటర్‌కి పెట్టడం, కొత్త డ్రైవ్ కొనడం, షాపుకో సర్వీస్ సెంటర్‌కో ఇవ్వడం, డేటా రికవరీ వాళ్ల దగ్గరికి పోవడం, అసలు మెషీనే మార్చేయడం. వీటిలో ఏది మంచిదని నేరుగా అడిగితే జవాబు లేదు. ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. డ్రైవ్ ఎవరికి కనబడట్లేదు, విండోస్‌కా లేక బయోస్‌కేనా (విండోస్ కంటే ముందు లేచి, మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూసుకునే బోర్డు సాఫ్ట్‌వేర్)? లోపలున్న డేటా మనకి కావాలా, అక్కర్లేదా? ఈ రెండూ తెలిస్తే సగం దారులు వాటంతటవే మూసుకుపోతాయి.

ముందు బయోస్‌లో చూడండి

పవర్ బటన్ నొక్కిన వెంటనే బయోస్ కీని టకటకా కొడుతూ ఉండండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవో ఐడియాప్యాడ్‌లో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. లోపలికి వెళ్లాక స్టోరేజ్ అనో, సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అనో ఉన్న చోట డ్రైవ్ పేరు, సైజు రాసి ఉందేమో చూడండి. ఏదీ మార్చకండి, చూసి ఒక ఫొటో తీసుకుని బయటికి రండి.

పేరు కనిపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. డ్రైవ్‌కి కరెంటు అందుతోంది, బోర్డుతో మాట్లాడుతోంది. తేడా బూట్ ఆర్డర్‌లోనో (ముందు ఏ డ్రైవ్ నుంచి మొదలవ్వాలనే వరుస), విండోస్ ఫైళ్లలోనో ఉంటుంది. పెన్‌డ్రైవ్ గుచ్చి మర్చిపోయి, దాంట్లోంచి బూట్ అవ్వడానికి ప్రయత్నించి విఫలమయ్యే ల్యాప్‌టాప్‌లు కూడా ఉంటాయి. నవ్వకండి, నేనూ అరగంట కంగారుపడ్డాను.

పేరు ఒకసారి కనిపించి ఇంకోసారి కనిపించకపోతే, లేదా మూత కదిపినప్పుడు వచ్చి పోతుంటే, కనెక్షన్ వదులైందని ముందు అనుమానించాలి. మచ్చుకైనా కనిపించకపోతే డ్రైవ్, కేబుల్, స్లాట్, బోర్డు, ఈ నాలుగింటిలో ఏదైనా కావచ్చు. అందుకే "కనబడట్లేదు, కాబట్టి డిస్క్ పోయింది" అని తేల్చేసేవాళ్లని నేను నమ్మను. హెచ్‌పీలో వచ్చే 3ఎఫ్0 కోడ్‌దీ ఇదే సంగతి. బూట్ అవ్వడానికి డ్రైవ్ దొరకలేదని మాత్రమే దానర్థం, ఎందుకు దొరకలేదో దానికి తెలియదు.

ఇక్కడే ఖర్చు లేని పని ఒకటుంది. ఛార్జర్ పీకేసి, బ్యాటరీ ఊడేదైతే అది కూడా తీసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకోండి. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. బోర్డు మీద మిగిలిన కరెంటు పోయి అన్నీ మొదట్నుంచి మొదలవుతాయి. కొన్నిసార్లు డ్రైవ్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అలా ప్రత్యక్షమైతే సంబరపడి పని మొదలుపెట్టకండి, ముందు డేటా కాపీ చేసుకోండి. ఒకసారి మాయమైనది మళ్లీ మాయమవ్వచ్చు.

ఎస్ఎస్‌డీకి ఇంకో చిట్కా ఉంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు కొన్ని ఎస్ఎస్‌డీలు లోపలి లెక్కలు చెదిరి స్పందించడం మానేస్తాయి. ల్యాప్‌టాప్‌ని బయోస్ స్క్రీన్ మీదే ఒక అరగంట వదిలేసి, ఆఫ్ చేసి, పవర్ తీసేసి, అర నిమిషం ఆగి మళ్లీ అరగంట అలాగే ఉంచాలి. డ్రైవ్‌కి కరెంటు మాత్రం అందుతుంది, దాన్ని ఎవరూ పని అడగరు. ఆ ఖాళీలో తన లెక్కలు తనే సర్దుకునే అవకాశం ఉంటుంది. పోయేదేం లేదు కాబట్టి ఒకసారి చేసి చూడొచ్చు.

విండోస్ వేస్తుంటే డ్రైవ్ లిస్టు ఖాళీగా ఉంటే

ఇది వేరే జబ్బు. దీన్ని డ్రైవ్ పోయిందని పొరపడి కొత్తది కొన్నవాళ్లు ఉన్నారు. ఇంటెల్ 11వ జనరేషన్ ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో బోర్డుకీ డ్రైవ్‌కీ మధ్య వీఎండీ అనే ఏర్పాటు ఉంటుంది. బయోస్‌కి డ్రైవ్ కనిపిస్తుంది, కానీ విండోస్ ఇన్‌స్టాలర్‌లో దానికి కావలసిన డ్రైవర్ లేకపోతే "ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి" అనే పేజీ తెల్లకాగితంలా వస్తుంది.

దీనికి రెండు దారులు. ఒకటి, మీ ల్యాప్‌టాప్ మోడల్ సపోర్ట్ పేజీలోంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, అదే పేజీలో ఉన్న "లోడ్ డ్రైవర్" బటన్‌తో చూపించడం. చాలామంది దించుకున్న సెటప్ ఫైల్‌ని అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తారు. ఇన్‌స్టాలర్‌కి అది కనిపించదు. వేరే కంప్యూటర్‌లో దాన్ని విప్పి, లోపలి ఫైళ్లున్న ఫోల్డర్‌ని కాపీ చేయాలి. రెండోది, బయోస్‌లో వీఎండీని ఆపేయడం. ఒక క్లిక్‌తో పోతుంది కాబట్టి యూట్యూబ్ వీడియోలన్నీ ఇదే చెప్తాయి.

నేనైతే మొదటిదే చేస్తాను. డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా విండోస్ వేస్తున్నారనుకోండి, అప్పుడు వీఎండీ ఆపినా మామూలు వాడకంలో తేడా తెలియదు. కానీ లోపల పాత విండోస్ ఉండి, అది మళ్లీ నడవాలంటే ఆ స్విచ్ జోలికి పోవద్దు. వీఎండీ ఉండగా వేసిన విండోస్‌ని అది ఆపేసి ఆన్ చేస్తే తన డ్రైవ్‌ని తనే గుర్తుపట్టలేక నీలం తెర చూపిస్తుంది. స్విచ్‌ని వెనక్కి తిప్పితే మామూలుగా సరైపోతుంది, కానీ ఆ నీలం తెర చూసి భయపడి ఫార్మాట్ కొట్టేస్తారు చూడండి, అసలు నష్టం అక్కడ.

బయోస్‌లో ఏది మార్చే ముందైనా బిట్‌లాకర్ సంగతి చూసుకోండి, అంటే డ్రైవ్‌లో ఉన్నదాన్ని కీ లేకుండా చదవలేకుండా విండోస్ వేసే తాళం. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనం అడగకుండానే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయోస్ మార్చినా, డ్రైవ్ తీసి వేరే మెషీన్‌కి పెట్టినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి వాడుతుంటే ఆ కీ సాధారణంగా ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది, ఫోన్‌లోంచి కూడా చూడొచ్చు. ల్యాప్‌టాప్ కొన్న రోజున షాపు కుర్రాడు తన మెయిల్ ఐడీతో సెటప్ చేసి ఇచ్చి ఉంటే మాత్రం కీ అతని అకౌంట్‌లో ఉంటుంది. అది లేకుండా ఏ రికవరీ కంపెనీ ఏమీ చేయలేదు.

డేటా కావాలంటే దారి వేరు

లోపల అవసరమైనవేం లేవనుకుంటే మీకు టెన్షన్ లేదు, నేరుగా కొత్త డ్రైవ్ సంగతికి వెళ్లిపోండి. కావాలంటే మాత్రం ల్యాప్‌టాప్ బాగుచేయడం పక్కన పెట్టండి. ముందు డేటా.

హార్డ్ డిస్క్ అయితే చెవి పెట్టి వినండి. టిక్... టిక్... టిక్ అని లయగా కొట్టుకుంటుంటే, లేదా గీరుతున్న శబ్దం వస్తే ఆ క్షణమే ఆఫ్ చేయండి. లోపల తిరిగే పళ్లేనికీ, దాన్ని చదివే హెడ్‌కీ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే. హెడ్ దెబ్బతిని పళ్లేన్ని తాకుతుంటే మీరు ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త గీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం, అరచేత్తో తట్టడం, మూత తీసి ఊదడం లాంటి సలహాలు ఎవరిచ్చినా వినకండి. మన ఇంట్లో గాల్లో ఉండే దుమ్ము రేణువు ఒక్కటి ఆ ఖాళీ కంటే ఎన్నో రెట్లు పెద్దది. శబ్దం వస్తున్న డిస్క్‌ని దుమ్ము లేని క్లీన్ రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్‌కి ఇవ్వడం ఒక్కటే దారి. అది ఖరీదైన వ్యవహారం. లోపలున్నవి పెళ్లి ఫొటోలా, పాత సినిమాలా అన్నదాన్ని బట్టి నిర్ణయం మీదే.

ఎస్ఎస్‌డీ పోతే ఏ శబ్దమూ ఉండదు. నిన్న పనిచేసింది, ఇవాళ లేదు, అంతే. దాన్నుంచి డేటా తీయడం హార్డ్ డిస్క్ కంటే కష్టం, ఎందుకంటే ఫ్లాష్ చిప్‌లలో డేటా ముక్కలుముక్కలుగా ఉంటుంది, చాలా డ్రైవ్‌లలో ఎన్‌క్రిప్ట్ అయి కూడా ఉంటుంది. ఏ ముక్క ఎక్కడుందో తెలిసింది కంట్రోలర్ చిప్‌కే. అదే చచ్చిపోతే చిప్‌లు ఊడదీసి చదివినా అర్థం లేని అంకెలే మిగులుతాయి.

శబ్దం లేదు, బయోస్‌లో మాత్రం కనబడట్లేదు అంటే ఖరీదైన చోట్లకి పోయే ముందు డ్రైవ్‌ని బయటికి తీసి ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ని యూఎస్‌బీతో వేరే కంప్యూటర్‌కి కలిపే డబ్బా) పెట్టి చూడాలి. నా లెక్కలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత గట్టి తీర్పు ఇచ్చేది ఇంకోటి లేదు. రెండున్నర అంగుళాల డ్రైవ్‌కి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే వైరు చాలు, కొన్ని వందల్లో వస్తుంది. చూయింగ్ గమ్ పట్టీలా ఉండే ఎం.2 డ్రైవ్‌కి వేరే ఎన్‌క్లోజర్ కావాలి. దాంట్లో ఎన్‌వీఎంఈకి ఒక రకం, ఎం.2 సాటాకి ఇంకో రకం ఉంటాయి (సాటా అంటే డ్రైవ్ బోర్డుతో మాట్లాడే పాత పద్ధతి, ఎన్‌వీఎంఈ దానికంటే వేగమైన కొత్త పద్ధతి). రెండూ తీసుకునే రకం కూడా దొరుకుతుంది, కాస్త ఎక్కువైనా అదే కొనండి.

వేరే కంప్యూటర్‌లో డ్రైవ్ కనిపిస్తే మీ డ్రైవ్ బతికే ఉంది, తప్పు ల్యాప్‌టాప్‌ది. అక్కడా కనిపించకపోతే డ్రైవ్‌దే. ఇంత తేలిక పరీక్ష చేయకుండా బోర్డు మార్చమనేవాళ్ల దగ్గర్నించి లేచి వచ్చేయండి.

ఒక్క జాగ్రత్త. డ్రైవ్ పెట్టగానే విండోస్ "ఫార్మాట్ చేయనా?" అనో, "ఇనిషియలైజ్ చేయనా?" అనో అడగొచ్చు. క్యాన్సిల్ కొట్టండి. కావలసిన ఫోల్డర్లని ముందు కాపీ చేయండి, డ్రైవ్ ఆరోగ్యం ఎలా ఉందో తర్వాత చూద్దురు. చదవడానికి మొరాయిస్తుంటే మామూలు కాపీతో కుస్తీ పట్టకుండా, లైనక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే టూల్‌తో మొత్తం డ్రైవ్‌కి నకలు తీయడం మేలు. బాగున్న చోట్లని ముందు చదివేసి, మొండికేసిన చోట్లకి చివర్లో వస్తుంది. పోయిన ఫైళ్ల కోసం వెతుకులాట ఏదైనా ఆ నకలు మీదే చేయాలి. ఎస్ఎస్‌డీలో డిలీట్ చేసిన ఫైళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ట్రిమ్ అనే పద్ధతి వల్ల డిలీట్ చేసిన చోటుని డ్రైవ్ తనే శుభ్రం చేసేస్తుంది.

మా బాబాయి మెషీన్‌లో దొరికింది

ఆదివారం తెనాలి వెళ్లి, కొట్టు వెనక గదిలో ఎరువు బస్తాల పక్కన బల్ల మీద విప్పాను. విప్పడం గురించి రెండు మాటలు. వారంటీ ఉంటే విప్పకండి. లేకపోతే చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, సన్నని ప్లాస్టిక్ పలక, ఒక తెల్లకాగితం చాలు. అడుగున కనిపించే స్క్రూలే కాదు, రబ్బరు కాళ్ల కింద కూడా దాక్కుని ఉంటాయి. అన్నీ తీశామనుకుని మూత లాగితే క్లిప్పులు విరుగుతాయి. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి ఉంచండి. పొడుగు స్క్రూని పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఇంకేదైనా ఆ తర్వాతే.

హార్డ్ డిస్క్ తన గూట్లో కదలకుండా ఉంది. దాన్నుంచి బోర్డుకి వెళ్లే రిబ్బన్ కేబుల్ మీద నల్ల టేపు అంటించి ఉంది. టేపు ఒక మూల లేచి, కింద రిబ్బన్ మడత దగ్గర సన్నని తెల్ల గీత. గోరుతో తాకితే ఆ గీత దగ్గర రెండు సన్నని రాగి దారాలు విడిపోయి కనిపించాయి. ఆరేళ్లుగా వేడెక్కి, చల్లారి, రోజూ సంచిలో కొట్టుకి, ఇంటికి తిరిగిన మడత అది.

డిస్క్ తీసి వైరుతో నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. గుయ్యిమని తిరిగింది, ఐదు సెకన్లలో డ్రైవ్ వచ్చింది. టాలీ డేటా ఫోల్డర్లకి పేర్లుండవు, నంబర్లుంటాయి. బాబాయి పక్కన నిలబడి "ఏది, మన కొట్టు పేరేదిరా?" అని కంగారు. మొత్తం టాలీ ఫోల్డర్‌ని కాపీ చేసి, నా మెషీన్‌లో తెరిచి ఆయన ఖాతా చూపిస్తే గానీ కుర్చీలో కూర్చోలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది కదా, రిబ్బన్ మార్చేసి అదే డిస్క్ బిగించేస్తే పోయేది. కానీ డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే పసుపు రంగులో హెచ్చరిక. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న గళ్లు) పదుల్లో ఉన్నాయి. అంటే రెండో షాపాయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు, ఆ డిస్క్ ముసలిదైపోయింది. కానీ ఆ రోజు మెషీన్‌ని ఆపింది అది కాదు, డేటా మీద ఆశ వదులుకోవలసిన అవసరమూ లేదు. రిబ్బనూ మార్చాం, డిస్క్ బదులు సాటా ఎస్ఎస్‌డీ వేశాం.

రిబ్బన్ లేని ఎం.2 డ్రైవ్‌లలో ఇదే పని ఇంకా తేలిక. ఒక్క స్క్రూ తీస్తే డ్రైవ్ ఒక పక్క పైకి లేస్తుంది. అదే వాలులో బయటికి లాగి, బంగారు రంగు అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, అదే వాలులో చివరిదాకా తోసి స్క్రూ బిగించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలికి ఈ అంచులు మసకబారడం మామూలే. రబ్బరుతో రుద్దడం మన దగ్గర పాత అలవాటు, పనిచేస్తుంది కూడా. కాకపోతే ఆ పొడి స్లాట్‌లో పడుతుంది, అందుకే నాకు ఇష్టం లేదు.

కొత్త డ్రైవ్ కొనాల్సి వస్తే ఏది

దుకాణంలో అడిగే ముందు పాత డ్రైవ్ మీద లేబుల్‌ని ఫొటో తీసుకోండి. మీ ల్యాప్‌టాప్ ఏ రకం తీసుకుంటుందో అందులోనే ఉంది.

హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషీన్‌కి రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ సెకనుకి సుమారు 100 ఎంబీ చదివితే ఇది 550 దాకా చదువుతుంది. అంకెల కంటే అసలు తేడా చిన్న చిన్న ఫైళ్లు వెతకడంలో ఉంటుంది. విండోస్ తెరుచుకునే లోపు టీ తాగి రావడం అనే అలవాటు పోతుంది. హార్డ్ డిస్క్ 9.5 మిల్లీమీటర్ల మందం ఉండి ఎస్ఎస్‌డీ 7 మిల్లీమీటర్లే ఉంటే గూట్లో ఊగకుండా చిన్న స్పంజు ముక్క పెట్టించుకోండి. మళ్లీ హార్డ్ డిస్కే వేయించుకోవడం గురించి నన్ను అడగొద్దు, లోపలి డ్రైవ్‌గా దానికిక కాలం చెల్లింది.

ఎం.2 స్లాట్ ఉంటే జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. ఆకారం ఒకటే, లోపల రెండు రకాలు: సాటా, ఎన్‌వీఎంఈ. సాటా మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ బిగిస్తే కొత్త డ్రైవ్ కూడా కనబడదు, మళ్లీ కథ మొదటికొస్తుంది. అంచులో రెండు గాట్లు ఉంటే చాలావరకు సాటా, ఒక్క గాటు ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ, కానీ గాటు చూసి కొనకండి, మోడల్ మాన్యువల్ చూసి కొనండి. పొడవు కూడా చూడాలి: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. 2242, 2230 అనే పొట్టివి కూడా ఉన్నాయి. పొట్టి చోట పొడుగుది పట్టదు.

ఎన్‌వీఎంఈలో జనరేషన్ 3 సెకనుకి 3,500 ఎంబీ దాకా, జనరేషన్ 4 సెకనుకి 7,000 దాకా పోతాయి. జనరేషన్ 4 డ్రైవ్‌ని జనరేషన్ 3 స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది, స్లాట్ వేగానికి తగ్గి నడుస్తుంది. బిల్లులు కొట్టుకునేవాళ్లకి, క్లాసులు వినేవాళ్లకి, కోడింగ్ నేర్చుకునే పిల్లలకి ఈ రెండింటి తేడా కంటికి కనబడదు. ఆ డబ్బుతో సైజు పెంచుకోండి, లేదా 3 ఏళ్ల వారంటీ బదులు 5 ఏళ్లది తీసుకోండి. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల లెక్క వేరు. జనరేషన్ 5 మాత్రం ల్యాప్‌టాప్‌లో వేడికే సరిపోతుంది, నేను వద్దంటాను.

బోర్డు మీద సాటా కనెక్టర్ నిజంగానే కాలిపోయి, పక్కన ఎం.2 స్లాట్ ఖాళీగా ఉన్న మెషీన్లు చాలా ఉంటాయి. వాటికి బోర్డు రిపేరు అక్కర్లేదు. ఖాళీ స్లాట్‌లో డ్రైవ్ వేసి దాన్నుంచే నడిపించండి. షాపువాడు ఈ మాట తనంతట తను చెప్పడు, మీరే అడగాలి.

కొత్త డ్రైవ్ వేశాక "విండోస్ కీ వేరేగా కొనాలి" అని బిల్లులో కలిపేవాళ్లున్నారు. విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఆ లైసెన్స్ బోర్డుతో ముడిపడి ఉంటుంది. డ్రైవ్ మార్చి అదే ఎడిషన్ వేస్తే ఇంటర్నెట్ పెట్టగానే తనే యాక్టివేట్ అవుతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ చాలు.

ఎవరికివ్వాలి

వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటరే, రెండో మాట లేదు. కానీ వారంటీ కొత్త డ్రైవ్ ఇస్తుంది, మీ ఫొటోలు ఇవ్వదు. పాత డ్రైవ్‌ని వాళ్లు పట్టుకుపోతారు కూడా. డేటా కావాలనుకుంటే కంప్లైంట్ పెట్టేటప్పుడే డ్రైవ్ మన దగ్గరే ఉంచుకోవచ్చా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మన దగ్గర కొని అమెరికాకో ఆస్ట్రేలియాకో పట్టుకెళ్లిన పిల్లలు ఆ దేశంలో వారంటీ చెల్లుతుందో లేదో కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూసుకోవాలి.

వారంటీ అయిపోతే నేను బజారుకే ఓటేస్తాను. సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్ లాంటి చోట్ల రిబ్బన్ నుంచి చిప్ దాకా అన్నీ దొరుకుతాయి, బోర్డు మీద టంకం పెట్టగలిగేవాళ్లూ ఉంటారు. షరతులు మూడే: నా కళ్ల ముందు విప్పు, తీసిన పార్టు నాకే ఇవ్వు, ఫార్మాట్ అన్న మాట నన్ను అడగకుండా అనుకోకు. రేపు రండి అంటే డ్రైవ్ ఊడదీసి జేబులో వేసుకుని, మెషీన్ మాత్రం వాళ్లకి వదిలి రండి. బిల్లు తీసుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడానికి చేతిలో కాగితం ఉండాలి కదా.

రికవరీ ల్యాబ్ అయితే డ్రైవ్ తెరిచే ముందు ఎంతవుతుందో చెప్తారా, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు అని అడగండి. సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోండి. ఫోన్‌లోనే "నూటికి నూరు శాతం వస్తుంది" అనే చోటికి వెళ్లకండి, డ్రైవ్ చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు.

రిపేరే వద్దనుకునే సందర్భాలు

డ్రైవ్ బోర్డుకి అతికించేసి ఉన్న మెషీన్లలో చేసేది తక్కువ. యాపిల్ ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్‌లు అలాంటివే, 32 లేక 64 జీబీ ఈఎంఎంసీ (డ్రైవ్ బదులు బోర్డు మీదే ఉండే స్టోరేజ్ చిప్)తో వచ్చే చవక ల్యాప్‌టాప్‌లూ అలాంటివే. మొదటిదానికి బోర్డు పనే, ఖర్చు కూడా ఆ స్థాయిలోనే. రెండోదానికి ఖర్చు పెట్టడం దండగ.

ఇంటెల్ 7వ జనరేషన్ ప్రాసెసర్, అంతకంటే పాతవి ఉన్నవాటిలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అలాంటి మెషీన్‌కి డ్రైవ్ మాత్రమే పోతే ఒక చిన్న సాటా ఎస్ఎస్‌డీ, దాంట్లో లైనక్స్ మింట్ వేసి పిల్లలకిస్తాను. బోర్డు పోతే పైసా పెట్టను. కొత్త మెషీన్లకైతే నా లెక్క ఒకటుంది: అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఎంత పలుకుతుందో చూసి, రిపేరు అందులో సగం దాటితే వద్దనుకుంటాను.

బోర్డు మీద రెండు స్లాట్లూ పోయి కొత్తది కొనేదాకా ఎలాగోలా నెట్టుకురావాలంటే యూఎస్‌బీ ఎస్ఎస్‌డీలో లైనక్స్ వేసి దాన్నుంచే నడపొచ్చు. విండోస్ ఇన్‌స్టాలర్ యూఎస్‌బీ డ్రైవ్ మీద పడనని మొండికేస్తుంది. రూఫస్ లాంటి టూల్‌తో బలవంతంగా వేయొచ్చు గానీ, కొట్టు లెక్కలు దాంట్లో పెట్టమని ఎవరికీ చెప్పను.

తీసేసిన పాత డ్రైవ్‌ని పాతసామాన్ల వాడికి వేయకండి. బోర్డుకి కనబడనంత మాత్రాన డేటా చెరిగిపోయినట్టు కాదు. పనిచేస్తుంటే పూర్తిగా చెరిపి ఇవ్వండి, పనిచేయకపోతే హార్డ్ డిస్క్ పళ్లేల గుండా మేకు దింపండి, ఎస్ఎస్‌డీ అయితే నల్ల చిప్‌లు అన్నీ పగిలేలా కొట్టండి. మా బాబాయి మాత్రం రెండూ ఒప్పుకోలేదు. ఆ పాత డిస్క్‌ని గుడ్డలో చుట్టి, పైన "ఆరేళ్ల లెక్కలు" అని చీటీ అంటించి, బీరువాలో చిట్టా పుస్తకాల పక్కన పెట్టాడు.